రుచి చూసే పీత

ఇది చాలా చిన్న కథ, ఉప్పుటేటి ఒడ్డున జరిగింది. అయితే ముందు నత్తగొట్టు కొంగ ముక్కు సంగతి చెప్పాలి. ఆ ముక్కు మధ్యలో సందు ఉంటుంది, మూసినా మూతపడదు. ఆయన మాటలు ఆగకపోవడానికి అదే కారణమంటారు. పీత సంగతి మరీను. పుట్టినప్పటి నుంచీ పక్కకే నడుస్తుంది, పైగా అందరికీ దారి చెబుతుంది. సరే, కథ.

అక్కడ ఒక ఆచారం ఉంది. గుల్లలు మంచివో కావో ముందు పీత తిని చూస్తుంది. నీడ జానెడు జరిగేదాకా అది బతికుంటే మిగతావాళ్లు తింటారు.

ఆ ఏడు ఏటి నీళ్లు ఎర్రగా మారి నాలుగు రోజులైంది. పీత మూడు గుల్లలు తింది. నీడ జానెడు జరిగింది. పీతకు ఏమీ కాలేదు.

"చూశావా?" అన్నాడు కొంగ, ఉల్లంకి పిట్టతో. "నీ ఈక రాలినా జడుసుకుంటావు. తినవే పిల్లా!"

ఉల్లంకి రెండు రోజులుగా పస్తులుంటోంది. వణుకుతూనే ఒక గుల్లను ముక్కున కరుచుకుంది. లోపలి నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"తినకమ్మా. నాలుగు రోజులుగా ఈ ఎర్రనీళ్లే తాగుతున్నాను. ఈ విషం నన్నూ పీతనూ ఏమీ చేయదు. మిమ్మల్ని చంపుతుంది."

ఉల్లంకి గుల్లను వదిలేసింది.

"ప్రతి గుల్లా ఇదే ఏడుపు ఏడుస్తుంది," అంటూ కొంగ దాన్ని మింగేశాడు.

కాసేపటికి నాలుక తిమ్మిరెక్కిందన్నాడు. తర్వాత కాళ్లు మడతపడ్డాయి. తర్వాత మాటలు ఆగిపోయాయి.

"పీత పిన్నీ! కొంగ మావయ్య ఊపిరి తీసుకోవడం లేదు, తొందరగా రా!" అని అరిచింది ఉల్లంకి.

పీత పక్కకు నడుస్తూ వచ్చింది. కొంగ చుట్టూ ఒకసారి తిరిగి, ఆచారం ప్రకారం రుచి చూసింది.

"తినొచ్చు," అంది.