ఎర్రగీత

“బూట్లు, హెల్మెట్టు, జాకెట్టు అన్నీ వేసుకుని ఎక్కరా. ఉత్త ఒంటితో కొలిస్తే లెక్క తప్పుద్ది,” అన్నాడు బాలశౌరి.

కొడుకు చరణ్‌కి ఈ మాట కొత్తేమీ కాదు. పోటీనాడు ఒంటి మీద ఏమేం ఉంటాయో, కొలిచేటప్పుడూ అవన్నీ ఉండాల్సిందే. తిరువూరు మధిర రోడ్డులోని బాలశౌరి మెకానిక్ షాపులో దానికి తిరుగులేదు.

అది ట్రయల్స్ బండి. దానికి సీటుండదు, నిలబడే నడపాలి. వేగంతో పనిలేదు. కాలు కింద పెట్టకుండా బండరాళ్లు దాటాలి, పెట్టిన ప్రతిసారీ మార్కు పోతుంది. ఏటా వినగడప దగ్గర రాళ్లగుట్ట మీద జరిగే పోటీ కోసం తండ్రీకొడుకులు ఓ పాత బైకును కోసి, అతికి, అలా తయారుచేసుకున్నారు. మనిషి ఎక్కి నిలబడితే బండి వెనకభాగం కుంగాల్సినంతే కుంగాలి. ఎక్కువైతే అడుగు రాళ్లకు తగులుతుంది, తక్కువైతే చక్రం జారుతుంది. అందుకే షాపు గోడ మీద బాలశౌరి ఎర్రరంగుతో ఒక గీత గీశాడు. చరణ్ ఎక్కితే వెనక మడ్‌గార్డు అంచు సరిగ్గా ఆ గీత దగ్గరికి దిగేది.

నిరుడు చరణ్‌కి రక్తంలో జబ్బు బయటపడింది. విజయవాడ ఆసుపత్రి చుట్టూ తిరగడమే సరిపోయింది. మందులు పడుతున్నకొద్దీ పిల్లవాడు చిక్కిపోయాడు. ఆసుపత్రిలో బరువు చూసే మిషను ఎక్కమంటే మొహం తిప్పుకునేవాడు.

“ఆ మిషన్లని నమ్మను నాన్నా. నా సంగతి మన గీతే చెప్పుద్ది,” అనేవాడు.

ఒక ఆదివారం పూజ నుంచి రాగానే బండెక్కాడు. మడ్‌గార్డు గీత దాకా దిగలేదు, పైనే ఆగిపోయింది. ఇద్దరూ గోడవంక చూశారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

మరుసటి ఆదివారం బాలశౌరి దొంగపనికి దిగాడు. చరణ్ లేవకముందే షాపుకెళ్లి, బండి వెనక స్ప్రింగును బిగించే రింగును పానాతో కాస్త వదిలాడు. రింగు వదిలితే తక్కువ బరువుకే బండి దిగుతుంది. జీవితంలో ఏ గిరాకీకీ తప్పుడు కొలత పెట్టని మనిషి కన్నకొడుక్కి పెట్టాడు. బిడ్డ ధైర్యం చెడకుండా ఉంటే చాలనుకున్నాడు.

ఆ రోజు మడ్‌గార్డు గీత దగ్గర ఆగలేదు. గీత దాటి ఇంకా కిందికి దిగింది.

బాలశౌరి వంగి గీతవంక మళ్లీ చూశాడు. తను వదిలింది కొంచెమే. మిగతాదంతా బిడ్డ ఒంటిబరువే కదా. చరణ్ తండ్రి భుజం పట్టుకుని మెల్లగా దిగాడు, బాగా ఆయాసపడ్డాడు.

“చూశావా నాన్నా? నువ్వు ఊరికే కంగారుపడతావు,” అన్నాడు.

ఇంటికెళ్లి బాలశౌరి సంగతంతా భార్యతో చెప్పుకున్నాడు, తను చేసిన దొంగపనితో సహా. వాడు ఒళ్లు చేస్తున్నాడన్నాడు. ప్రేమకుమారి నమ్మలేదు.

“చొక్కాలు వేలాడిపోతున్నాయి. కళ్లతో చూస్తూనే ఉన్నాం కదండీ,” అంది.

కళ్లు మోసం చేస్తాయిగానీ స్ప్రింగు మోసం చెయ్యదన్నాడు బాలశౌరి. పొద్దున ఆ స్ప్రింగుకి అబద్ధం నేర్పింది తనేనన్న సంగతి అప్పటికే మర్చిపోయాడు.

ఆ రాత్రే రింగును మళ్లీ పాత చోటికి బిగించేశాడు. ఇక దాని జోలికి పోలేదు. అయినా వారంవారం మడ్‌గార్డు బుద్ధిగా ఎర్రగీత దగ్గరికే దిగింది. బాలశౌరికి ప్రాణం లేచొచ్చింది. బండికి కొత్త టైర్లు వేశాడు. క్లచ్చి ఒక్క వేలితో అందేలా సవరించాడు. మనసులో బెంగ తీరాక చిన్నచిన్న విషయాలు కూడా కంటపడసాగాయి. తుక్కుడబ్బాలో పాత బేరింగులు తగ్గిపోతున్నాయి. పాత ఇనుము కొనేవాడి మీద అనుమానపడి, వాణ్ని నాలుగు తిట్టి, షాపుకి తాళం కూడా మార్చాడు.

పోటీ ఇంకా దగ్గరపడకముందే చరణ్ పోయాడు.

సమాధుల దొడ్డిలో ఓదార్చడానికి వచ్చిన ఫాదర్ చేతులు పట్టుకుని బాలశౌరి ఒకటే ప్రశ్న వేశాడు. “ఒళ్లు చేస్తున్న బిడ్డ ఎట్టా పోయాడు ఫాదర్?” పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లనీ అదే అడిగాడు. గీత సంగతి చెప్పి మరీ అడిగాడు. పాపం, దుఃఖంలో మతి చలించిందనుకున్నారు జనం.

పోటీ వారం ఉందనగా చరణ్ స్నేహితుడు కిరీటి షాపుకి వచ్చాడు. చరణ్ పేరు మీద ఆ బండి తను నడుపుతానని అడిగాడు. బాలశౌరి కాదనలేకపోయాడు. కిరీటి కొంచెం భారీ మనిషి, స్ప్రింగు బిగించక తప్పదు. పానా తీసుకుని పని మొదలుపెట్టాడు. కన్నీళ్లు బండి మీద పడుతుంటే తుడుచుకుంటూనే బిగించాడు. ఎర్రగీత చెరపలేదు, దాని పక్కన సుద్దముక్కతో ఇంకో గీత గీశాడు.

“అన్నీ వేసుకుని ఎక్కు బాబూ,” అన్నాడు అలవాటు కొద్దీ.

“చరణ్ జాకెట్టు వేసుకుంటా అంకుల్, ఇస్తారా?”

చివరిసారి కొలిచిన ఆదివారం చరణ్ తగిలించిన జాకెట్టు మేకుకి అలాగే ఉంది. ఇంతవరకూ దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ రాలేదు. బాలశౌరి వెళ్లి అందుకున్నాడు.

మేకు నుంచి తీయగానే ఆ బరువుకి అతని చెయ్యి కిందికి జారిపోయింది. లోపలి జేబుల నిండా, చప్పుడు కాకుండా ఒక్కొక్కటీ గుడ్డపీలికలో చుట్టిన, తుక్కుడబ్బాలోంచి మాయమైన బేరింగులున్నాయి.