ఎన్నడూ పగలని గిన్నె

"ఆ లైట్లు తీపియ్యి బిడ్డా. గిన్నె వేడికి ఆగదు."

హిమజ తలెత్తి చూసింది. మళ్లీ ఆ ముసలాయనే. మూడు శనివారాలుగా ఇదే పాట.

మారేడ్‌పల్లిలోని ఆ చిన్న మ్యూజియం బాధ్యత హిమజది. అంతకుముందు వాళ్ల నాన్నది.

అద్దాల పెట్టెలో ఉన్నది పదకొండు వందల ఏళ్లనాడు ఇరాక్‌లోని బస్రాలో చేసిన మట్టిగిన్నె. తెల్లటి మెరుగుపూత, దాని మీద నీలి ఆకులు. జనం వచ్చేదే దానికోసం. అందుకే ఈ ఎండాకాలం దాని చుట్టూ నాలుగు పెద్ద లైట్లు పెట్టించింది.

"వెయ్యేళ్లు ఆగింది, లైట్లకు ఆగదా?"

"అంచు జెర జారింది బిడ్డా. ఒక్కసారి పెట్టె తెరిస్తే..."

"బిడ్డా గిడ్డా అనకండి!" హిమజకు ఒళ్లు మండింది. గిన్నె పక్కనున్న చీటీ చూపించింది.

"చదవండి. 'ఎన్నడూ పగలని గిన్నె'. మా నాన్న చేతిరాత. పోయేదాకా దీన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఆయన అబద్ధం రాస్తాడా?"

ముసలాయన చీటీ చదివాడు. ఏదో అనబోయి ఆగాడు.

"సార్ రాసిండంటే అట్లనే" అని తల వంచుకుని వెళ్లిపోయాడు.

"ఇంకోసారి ఈయన్ని లోపలికి రానివ్వకు" అంది హిమజ, గార్డు విజయేందర్‌తో.

తర్వాతి శనివారం ఆయన గేటు బయట ఎండలో రెండు గంటలు నిలబడి వెళ్లాడట. విజయేందర్ చెబితే విని ఊరుకుంది.

ఇంకో పదిరోజులకు, మిట్టమధ్యాహ్నం, ఎవరూ ముట్టకుండానే గిన్నె విడిపోయింది.

ఏడుస్తూ ముక్కలు ఏరుతుంటే వేళ్లకు జిగురు అంటింది. ప్రతి ముక్క అంచునా పాత జిగురే. పక్కన పెన్సిల్‌తో అంకెలు. ఒకటి నుంచి నలభై ఒకటి దాకా.

ఇది ఎప్పుడో పగిలింది. ఎవరో అతికించారు.

ఆ ముసలాయన పేరు కోసం విజిటర్స్ బుక్కు తిరగేసింది. యెషయా, మౌలాలి.

తలుపు తీసింది ఆయన కూతురు ప్రిసిల్లా.

"నాన్న పోయి వారం దాటిందమ్మా. యాడనో ఎండల నిలవడి వచ్చిండు. మళ్ల లేవలే."

హిమజ గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఏం పని చేసేవారు?"

"మారేడ్‌పల్లి మ్యూజియంల ఊడ్చేటోడు. అప్పట్ల ఓ సారు చేతిలకెళ్లి ఏదో గిన్నె జారి పగిలిందట. బయటవడితే సారు నౌకరీ పోతుండె. రిపేర్లని మ్యూజియం మూసిన మూడు నెలలు నాన్న ముక్కలు ముందటేసుకొని అతికిచ్చిండు. బయట ఎవ్వరికీ చెప్పలే."

"ఏ సారు?"

"మాకు సుత పేరు చెప్పలే. 'పాపం, నెలల బిడ్డ ఉండె ఆయనకు, హిమజ అని' అంటుండె, గంతే."

ప్రిసిల్లా కుర్చీ జరిపి వేసింది.

"కూసోండమ్మా. ఇంతకూ మీ పేరేంది?"