కోయని మడతలు

అచ్చయి మూడు వందల ఏళ్ళు దాటినా, ఆ గణిత తర్కశాస్త్ర గ్రంథంలో చివరి పేజీలను ఎవరూ చదవలేదు. పెద్ద కాగితాలను మడిచి కుట్టి, అంచులు కోయకుండా వదిలేసిన మడతల్లో అవి మూసుకునే ఉన్నాయి. తెల్లారేసరికి వాటిని కోసి గ్రంథాలయానికి అప్పగిస్తానని పుస్తకాల బైండరు మాటిచ్చింది.

సరిచూసిన ప్రతి పేజీ మూలనా పెన్సిలుతో టిక్కు పెట్టడం ఆమె అలవాటు. ఎడమచేతి వాటం కాబట్టి ఆ టిక్కు తోక ఎడమకు సాగుతుంది.

మొదటి మడత కోసింది. లోపల పేజీ మూలన అప్పటికే టిక్కు ఉంది. దాని తోక ఎడమకు సాగింది, అచ్చం ఆమె పెట్టినట్టే.

వేలితో రుద్దితే పెన్సిలు పొడి అంటింది.

పక్కగదిలో గురక ఆగింది. "ఎంతవరకొచ్చిందమ్మా?" అన్నాడు నాన్న.

"ఇంకో నాలుగు మడతలు."

"పొద్దున చూద్దువులే. పుస్తకానికి కాళ్ళొచ్చి పారిపోదుగా."

"పట్టుకున్నది వదిలే రకాన్నా నేను? పడుకో నాన్నా."

గురక మళ్ళీ మొదలైంది. ఆమె కోస్తూ పోయింది. ప్రతి మడతలోనూ ఆ టిక్కే ఉంది.

చివరి మడతలో మాత్రం సగమే ఉంది. కిందికి దిగిన గీత పైకి తిరగలేదు. గీస్తుండగానే తన చేతి పట్టు తప్పినట్టు వంకరగా పేజీ అంచుదాకా జారిపోయింది. ఆ తర్వాత ఆ చెయ్యి ఇంకేమీ గీయనట్టు, ఎదుటి పేజీలో ఏ గుర్తూ లేదు.

చాలాసేపు చూసింది. గురక ఎప్పుడు ఆగిందో గమనించలేదు.

"నాన్నా," అని పిలిచింది. జవాబు రాలేదు.

"సగం పని నాకు చేతకాదు," అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. పెన్సిలు చెక్కుకుంది. గీత జారిన చోటే మొన ఆనించి, తోకను ఎడమకు తిప్పసాగింది.