మీరు లేరనుకోండి

"రేపు పొద్దున మీరు లేరనుకోండి మేడం. ఈ హాస్టల్ ఎలా నడుస్తుంది?" అన్నాడు శిక్షకుడు.

తాళాలక్క నవ్వింది. "ఎక్కడికి పోతాను సార్? పక్క వీధికి వెళ్లొచ్చేలోపే ఇక్కడ కొంప మునుగుతుంది."

"అదే జబ్బు," అన్నాడాయన నవ్వకుండా. "సంస్థ మనిషి మీద నడవకూడదు. పద్ధతి మీద నడవాలి. మీ బుర్రలో ఉన్నదంతా బయట పెట్టండి. ఇదే మొదటి ఎక్సర్‌సైజు."

అది చెవిటి పిల్లల హాస్టల్. వినపడని తన తమ్ముడి కోసం తాళాలక్క ఒక్క గదిలో మొదలుపెట్టింది. తమ్ముడు చదువుకుని స్థిరపడ్డాడు. గది మేడ అయింది. ఆమె మాత్రం ఆఫీసు గదిలోనే ఒక మంచం, ఒక బీరువా వేసుకుని ఉండిపోయింది. పిల్లల సైగల్లో ఆమె పేరు నడుం మీద ఒక చరుపు. తాళాలగుత్తి వేలాడేది అక్కడే మరి. ఆ చరుపే పెద్దవాళ్ల నోట తాళాలక్క అయింది.

వారం కిందట కమిటీ ప్రెసిడెంటు వచ్చి కూర్చున్నాడు.

"పెద్ద కంపెనీ ఒకటి ముందుకొచ్చిందమ్మా. ఖర్చంతా వాళ్లే చూస్తారట. కాకపోతే నడిపే మనిషికి మేనేజ్‌మెంట్ తెలిసుండాలంటున్నారు. నువ్వేమో పదో తరగతి. శిక్షణ పెట్టిస్తాను, కాస్త మనసు పెట్టు. ఇది గట్టెక్కకపోతే నిన్ను ఉంచడం నా చేతుల్లో ఉండదు."

ఆ రోజు నుంచి ఆమెకు ముద్ద దిగలేదు. ఈ పిల్లలు లేకుండా పొద్దు ఎలా గడుస్తుందో ఆమెకు ఊహకు కూడా అందదు.

శిక్షకుడు పెద్ద పెట్టెతో దిగాడు. ఆఫీసు గదిలో గోడవార పెట్టాడు. అన్నీ పాఠాల పుస్తకాలే కాబోలనుకుని తాళాలక్కకు గుండె జారింది. తీరా చూస్తే ఆయన ఆ పెట్టె మూతైనా తియ్యలేదు. పాఠం చెప్పిందీ లేదు. అన్నీ అడగడమే.

"పిల్లల్ని పిలవాలంటే?"

"గొంతు చించుకుని ఏం లాభం సార్? లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించాలి. ఇదిగో, ఈ చివరి స్విచ్చి."

ఆయన లేచి తనే ఒకసారి ఆర్పి వెలిగించి చూసుకున్నాడు.

"వంటావిడ అలిగితే?"

"కూర బాగుందంటే నమ్మదు సార్. ఉప్పు సరిగ్గా పడిందనాలి. అప్పుడు మూతి విప్పుతుంది."

"రాత్రిళ్లు?"

"చిట్టిదాన్ని కనిపెట్టుకుని ఉండాలి. చీకట్లో చేతులు కనపడవు కదా, దానికిక మాటలే ఉండవు. బెదిరిపోతుంది. దిండు కింద టార్చిలైటు పెట్టాలి. బ్యాటరీ అయిపోయిందంటే మాత్రం, తెల్లారేదాకా మన చెయ్యి దానిదే."

గుమ్మంలో వంటావిడ మూతి తిప్పింది. "అక్కా, ఇంతకీ శిక్షణ నీకా, ఆయనకా? పొద్దుటి నుంచీ నువ్వే వాగుతున్నావు."

"నోర్ముయ్యవే. మార్కులు పోతాయి."

ఆఖరి రోజు ఆయన ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

"ఇప్పుడు నేనే మీరు. మీరు ప్రెసిడెంటు గారు. నన్ను పనిలోంచి తీసెయ్యాలి. ఏదీ, ఆ తాళాలు ఇటివ్వండి. వేషం కుదరాలి కదా."

ఆమె నవ్వుతూ గుత్తి ఇచ్చింది. ఆయన నడుముకు తగిలించుకున్నాడు.

"అమ్మా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. "పోనీ, ఉండనివ్వకూడదా సార్? పాపం."

"కూడదు. జాలిపడితే సున్నా. తిట్టినా సున్నా. ముందు పొగడాలి. తరవాత, నిర్ణయం అయిపోయిందని చెప్పాలి. మీ మాటల్లోనే కానివ్వండి."

రెండోసారి పొగడ్త దగ్గరే ఆగిపోయింది. మూడోసారి కళ్లు మూసుకుని, ప్రెసిడెంటుగారి దగ్గును కూడా కలుపుకుని అందుకుంది.

"అమ్మా, ఈ హాస్టల్ నీ చేతుల మీద పెరిగింది. కాదనేవాళ్లెవరూ లేరు. కానీ నువ్వు అలిసిపోయావు. ఇక మేం చూస్తూ ఊరుకోలేం. నిర్ణయం అయిపోయింది."

"పిల్లలు ఏడుస్తారండీ," అన్నాడు ఆయన, ఆమె గొంతు పెట్టి.

"రెండ్రోజులు ఏడుస్తారు. తరవాత అలవాటు పడతారు."

ఆయన చప్పట్లు కొట్టాడు. "ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు మేడం."

"గట్టెక్కినట్టేనా సార్?"

"ఒక్క ఫోను చేసుకుని వస్తాను," అంటూ ఆయన వరండాలోకి వెళ్లాడు.

సాయంత్రం ప్రెసిడెంటు వచ్చాడు. అప్పటికే శిక్షకుడు మళ్లీ ఆమె కుర్చీలో ఉన్నాడు. గుత్తి ఇంకా ఆయన నడుముకే ఉంది. ఆఖరి రోజే కదా అని తాళాలక్క ఆ ఊసెత్తలేదు.

ప్రెసిడెంటు దగ్గాడు. "అమ్మా, ఈ హాస్టల్ నీ చేతుల మీద పెరిగింది. కాదనేవాళ్లెవరూ లేరు..."

పరీక్ష ఇంకా అవలేదన్న మాట. తాళాలక్క పమిట సర్దుకుని నిటారుగా నిలబడింది. ఇప్పుడు తన వేషం తనదే. ఆయన 'నిర్ణయం అయిపోయింది' అనేదాకా ఓపిక పట్టి, నవ్వాపుకుంటూ తన మాట అప్పజెప్పింది.

"పిల్లలు ఏడుస్తారండీ."

"రెండ్రోజులు ఏడుస్తారు," అన్నాడు ప్రెసిడెంటు నేల చూస్తూ. "తరవాత అలవాటు పడతారు."

"ఒక్క ముక్క పొల్లు పోలేదు. ఈసారి మార్కులు ప్రెసిడెంటు గారికే వెయ్యండి సార్," అంటూ ఆమె శిక్షకుడి వైపు తిరిగింది.

ఆయన తలెత్తకుండానే నడుమున ఉన్న గుత్తి తీసి ఆమె బీరువా తెరిచాడు. గోడవార పెట్టె మూత ఎత్తి, మడత పెట్టిన తన చొక్కాలు ఒక్కొక్కటే తీసి బీరువాలో సర్దుకోవడం మొదలుపెట్టాడు.