సలహా గడి

పన్ను నొప్పి మాస్టారిది. శిక్ష పడింది మాత్రం 2716కి.

2716 ఎవరో మాస్టారికి తెలియదు. ఆ దూరవిద్య కాలేజీలో జవాబు పత్రాల మీద పేర్లుండవు, నంబర్లే. పగలంతా పనులకు పోయే పెద్దవాళ్లు నెలకో పాఠం చదివి, జవాబులు రాసి టపాలో పంపుతారు. మాస్టారు దిద్ది, మార్కులు వేసి, కింద ‘సలహా’ అని అచ్చు వేసిన గడిలో రెండు ముక్కలు రాసి తిప్పి పంపాలి. గడి ఖాళీగా ఉంటే ఆఫీసువాళ్లు ఒప్పుకోరు.

సైన్సు మొదటి పాఠం పత్రాలు దిద్దిన రోజు మాస్టారి దవడ వాచి ఒక కన్ను సగం మూసుకుపోయింది. యాభై తొమ్మిది దిద్దాక 2716 చేతికొచ్చింది. “నేను లిఫ్టు మెకానిక్‌ని, వయసు నలభై ఎనిమిది, బడి మానేసి ముప్పయ్యేళ్లు దాటింది, తప్పులుంటే మన్నించాలి” అని మొదలుపెట్టాడు. కోడి కెలికినట్టున్న రాత. పైకెళ్లే లిఫ్టుకూ కిందికి దిగే బరువుకూ ఉన్న సంబంధం చెప్పబోయి, పేజీ మధ్యలో దారి తప్పాడు. మాస్టారు ఇరవై రెండు వేసి, సలహా గడిలో ఇలా రాశారు: “ఈ వయసులో మీకు చదువెందుకు? చేతిలో ఉన్న పని చూసుకోండి.”

మర్నాడు పన్ను పీకించుకున్నారు. నొప్పి తగ్గి బుర్ర పనిచేయగానే తానేం రాశారో గుర్తొచ్చింది. పరుగున టపా గదికి వెళ్లారు. సంచీ అప్పటికే వెళ్లిపోయింది. కనీసం అతని పేరూ అడ్రసూ ఇవ్వమని టపా చూసే ఆవిడను బతిమాలారు.

“దిద్దేవాళ్లకి పేర్లు చెప్పకూడదు సార్. అయినా మీకెందుకిప్పుడు?” అందావిడ.

ఎందుకో చెప్పే ధైర్యం మాస్టారికి లేకపోయింది.

ఆ నెలంతా తిండి సయించలేదు. పన్ను పోయినందువల్లేనని ఇంట్లోవాళ్లు మెత్తగా వండిపెట్టారు. ఆ జాలి చూస్తే ఆయనకు మరీ సిగ్గేసింది. పగలంతా లిఫ్టు గోతుల్లో గ్రీజు పూసుకుని, ఇంటికొచ్చి చేతులు కడుక్కుని పుస్తకం తెరిచిన మనిషి నోరు నొక్కేశారు తాను. ఇక అతను రాస్తాడా, మానేస్తాడా? ఆ ప్రశ్నే మాస్టారిని లోలోపల తినేసింది.

రెండో పాఠం కట్ట రాగానే విప్పి వెతికారు. 2716 ఉంది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఈసారి రాత గుండ్రంగా, శుభ్రంగా ఉంది. మాట పడ్డ పౌరుషంతో నెల తిరిగేసరికి చేతిరాత మార్చుకున్నాడు కాబోలు అనుకుని మాస్టారు ఇంకాస్త కుంగిపోయారు. నలభై ఒకటి వేశారు. గడిలో “కిందటిసారి నేను” అని మొదలుపెట్టి ఆగారు. ప్రిన్సిపాల్ అప్పుడప్పుడు పత్రాలు తెప్పించుకుని చూస్తుంటారు. క్షమాపణ కనబడితే నేరమూ కనబడుతుంది. ఆ మాటల్ని ఆనవాలు లేకుండా కొట్టేసి, “బాగా రాస్తున్నారు, ఆపకండి” అని రాశారు. పిరికివాణ్ణని తనను తాను తిట్టుకున్నారు కూడా. తిట్టుకోవడానికి ప్రిన్సిపాల్ అనుమతి అక్కర్లేదు కదా.

అప్పట్నుంచి 2716కి ఆ గడి చాలేది కాదు. మాస్టారు అంచుల్లోకి పాకి, వెనక పేజీకి కూడా ఎక్కేవారు. లెక్క ఎక్కడ జారిందో బొమ్మ గీసి చూపించేవారు. యాభై మూడు, అరవై, అరవై ఎనిమిది. పీడనం పాఠానికి మీ లిఫ్టునే ఉదాహరణగా తీసుకోండని ముందే రాసి పంపారు. జవాబులో కుక్కర్ కూతపెట్టింది. ఉష్ణం పాఠానికి ఇస్త్రీ పెట్టె వచ్చింది. ఇంటి పని కూడా పంచుకునే మనిషన్నమాట అని మాస్టారు మురిసిపోయారు. ఆ ఊపులో తన చొక్కాలు తానే ఇస్త్రీ చేయబోయి ఒకటి కాల్చారు.

పన్నెండో పాఠానికి ఎనభై నాలుగు వచ్చాయి. ఏడాదిలో అందరికన్నా ఎక్కువ ప్రగతి చూపినవాళ్లకు కాలేజీ సభ పెట్టి ఒక బహుమతి ఇస్తుంది. మాస్టారు మారు మాట లేకుండా 2716 అని రాసిచ్చారు. సభకు ముందు అతన్ని కలిసి, ఏడాదిగా మింగుడుపడని ఆ మాటకు క్షమాపణ అడిగేయాలని నిశ్చయించుకున్నారు. ప్రిన్సిపాల్ విన్నా సరే.

సభ రోజు పొద్దున్నే ఆయన గది గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. ఉతికిన యూనిఫాం, గోళ్ల సందుల్లో వదలని గ్రీజు, చేతిలో కాలేజీ పంపిన ఉత్తరం. మాస్టారు ఎదురెళ్లి కుర్చీ లాగారు. అతను కూర్చోలేదు.

మాస్టారు ఆగలేకపోయారు. పన్ను నొప్పి దగ్గర్నుంచి పిరికితనం దాకా అంతా చెప్పేశారు. అది సాకు కాదని, తప్పంతా తనదేనని, చిన్నవాడైనా సరే అతని కాళ్లు పట్టుకోవడానికి సిద్ధమని అన్నారు.

“మీరు చదువు ఆపేసి ఉంటే నేను బతికినన్నాళ్లూ కుమిలిపోయేవాణ్ణి బాబూ. నా అదృష్టం, మీరు ఆపలేదు.”

అతను తలెత్తలేదు. ఉత్తరాన్ని మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. తప్పు చేసింది తానైనట్టు చేతులు కట్టుకున్నాడు. ఈ బహుమతి తాను తీసుకోకూడదని చెప్పడానికే వచ్చానన్నాడు. ఎందుకని అడిగారు మాస్టారు.

“రెండో పేపర్నుంచీ అన్నీ మా ఆవిడ రాసినవే సార్, మీరు నాకు రాసింది ఆ మొదటి మాటొక్కటే.”