రెండు సీసాలు

"మూడోసారి బావా! రెండు నెలల్లో ఇది మూడోసారి!"

పొద్దున్నే షెడ్డు తెరుస్తూనే మెకానిక్ లారీ డీజిల్ ఫిల్టర్ విప్పి బల్ల మీద బోర్లించాడు. నల్లటి జిగురు ముద్దగా జారిపడింది. ట్యాంకు అడుగునుంచి పట్టిన డీజిల్‌ని గాజుసీసాలో పోసి కిటికీలో పెట్టాడు. కాసేపటికి పైన డీజిల్, కింద నీళ్ళు, మధ్యన నాచులాంటి నల్లటి పొర తేలాయి.

"ఇదీ నీ లారీకి పట్టిన రోగం. నీళ్ళు చేరితే చాలు, కంటికి కనిపించని క్రిములు అక్కడ కాపురం పెడతాయి. డీజిల్ తింటూ పిల్లాపాపలతో వర్ధిల్లుతాయి."

బావ నవ్వలేదు. తాడు కట్టి లాక్కొచ్చిన ఆ పాత లారీ మీద చెయ్యి ఆనించి, దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

"ఎన్నాళ్ళు పడుతుందిరా?"

"సాయంత్రానికి ఇచ్చేస్తా."

"తొందరేం లేదు. రెండ్రోజులు ఉంచుకో."

"నా పని మీద అంత నమ్మకమా! రేపు పొద్దున్నే కదా ప్రయాణం?"

బావ కూతురు కొండ అవతలి ఊళ్ళో ఉద్యోగంలో చేరాలి. వెనక సామాను, ముందు తల్లీకూతుళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఘాట్ రోడ్డు మలుపులన్నీ బావకి కంఠతా వచ్చు.

"పోనీ, రేపు నేను నడపనా?"

"నా కూతుర్ని నేను దింపలేనట్రా? స్టీరింగ్ వదిలేస్తే ఇంక నేనేం మనిషిని?"

విసురుగా ఊపిన చెయ్యి తగిలి, పక్కనే బల్ల మీదున్న టీ గ్లాసు కిందపడింది.

మెకానిక్ ట్యాంకు మూత తిప్పి తిప్పి చూశాడు. "పోయినసారి రబ్బరు నేనే మార్చాను. వానలా, లేవు. మరి నీళ్ళెలా దిగాయి?"

"బంకువాడు కలిపుంటాడు."

"అక్కడ పోయించుకునే లారీలన్నీ గుర్రాల్లా పరిగెడుతున్నాయి. ఎవరో గిట్టనివాళ్ళు పోస్తున్నారు బావా."

"తాళం వేసిన మూతలోంచా? తాళంచెవి నా మెడలోనే ఉంటుంది."

"అయితే నీ లారీ లోపల్లోపలే ఏడుస్తున్నట్టుంది."

ట్యాంకు దింపి, కడిగి, ఆరబెట్టి, పైపులు ఊది, కొత్త ఫిల్టరూ కొత్త డీజిలూ వేసేసరికి నాలుగైంది. ఇంజిన్ తాళం తిప్పగానే అందుకుంది. ఈసారి అడుగునుంచి పట్టిన డీజిల్ తేనెరంగులో మెరిసింది. ఆ సీసానీ తెచ్చి కిటికీలో, మొదటిదాని పక్కన పెట్టాడు.

ఇంతలో అక్క ఫోను.

"ఏరా, అయిందా? మీ బావ వారంనుంచీ సరిగ్గా అన్నం తినట్లేదు. లారీ బాగవుతుందో లేదోనని బెంగ."

"బాగయిందక్కా. నిక్షేపంగా వెళ్ళిరండి."

ఫోను భుజంతో చెవికి నొక్కుకుని, వెనక్కి చెయ్యి చాపి, అందిన సీసా తీసి బావకిచ్చాడు.

"చూసుకో బావా. ఇంక వంక పెట్టడానికేం లేదు."

బావ సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. ఇటు తిప్పాడు. అటు తిప్పాడు.

"అద్దంలా ఉందిరా," అన్నాడు చివరికి, నీరసంగా. "చిన్న నలకైనా లేదు."

మెకానిక్ నవ్వుతూ తలెత్తాడు.

బావ చేతిలో ఉన్నది నల్లటి పొర తేలిన పొద్దుటి సీసా. మెడలో ట్యాంకు తాళంచెవి వేలాడుతోంది.