గుమ్మం దాకా వచ్చాడు

"కూరలో వేరుశెనగ ఏమైనా పడుతుందా?"

తల్లి మాట పూర్తికాకుండానే పక్క బల్ల దగ్గరున్న ముసలాయన లేచాడు. ఎవరినీ అడక్కుండా వంటగదిలోకి వెళ్లిపోయాడు.

"పడదమ్మా" అన్నాడు హోటల్ యజమాని.

"పొడి గానీ, నూనె గానీ?"

"అవీ లేవమ్మా."

"పలుకు పంటి కింద పడ్డా మా పిల్లకి ఊపిరాడదు బాబూ. ఇంకొక్కసారి లోపల అడిగి రా."

కూతురు తల పట్టుకుంది. "అమ్మా! ఇలాగైతే ఊరు మారేదాకా మనం మంచినీళ్లు తాగి బతకాలి."

పొయ్యి, గిన్నెలు ముందే లారీలో వెళ్లిపోయాయి. వాటి వెంట తండ్రీ వెళ్లాడు. బడివాళ్లు కాగితాలు ఇచ్చేదాకా తల్లీకూతుళ్లకు బయటి తిండే గతి. తల్లికి అది గండం, కూతురికి పండగ. ఇన్నేళ్లూ వాసన మాత్రమే చూసిన చిన్న హోటళ్లన్నీ వెళ్లేముందు రుచి చూడాలని దాని ముచ్చట.

"రేపు మెట్ల హోటల్, తర్వాత నీలం తలుపు హోటల్, ఆఖర్న మూల మీది పొగగొట్టం హోటల్!" అని అందరికీ వినబడేలా చెప్పింది.

ముసలాయన తడి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. కూర్చుని పిల్లనే చూడసాగాడు.

తల్లి కుర్చీ జరుపుకుని అడ్డంగా కూర్చుంది.

మర్నాడు వీళ్లు మెట్ల హోటల్‌కి చేరేసరికి ఆయన అక్కడా ఉన్నాడు. అక్కడా వంటగదిలోంచే వచ్చాడు.

"అమ్మా, ఆ తాత నేను ముద్ద మింగేదాకా ఊపిరి పీల్చడు, చూడు."

"అటు చూడకు. తొందరగా తిను. కాదు, మెల్లగా తిను."

దారి పొడుగునా తల్లి వెనక్కి చూస్తూనే నడిచింది. సామాను లేని ఇంట్లో తన అడుగుల చప్పుడుకి తనే ఉలిక్కిపడింది. గడియ వేసి, వేశానో లేదో అని మళ్లీ వెళ్లి చూసుకుంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు, తిండిలో మందు కలిపేవాళ్లు, ఎప్పుడెప్పుడో విన్నవన్నీ ఆ ఖాళీ గదుల్లోకి వచ్చి కూర్చున్నాయి. భర్తకు ఫోన్ చేసింది.

"ఎవడో ముసలాడు పిల్ల వెంట పడ్డాడండీ."

"నీకు తాడు కూడా పామే."

"పామో తాడో కరిచాక తెలుస్తుంది లెండి!"

నీలం తలుపు హోటల్లోనూ ఆయనే. ఈసారి ముందు పళ్లెం కూడా లేదు. వంటగది పక్కన నిలబడి పిల్లనే చూస్తున్నాడు.

తల్లి లేచింది. "ఏమయ్యా, ఎవరు నువ్వు? మేం ఎక్కడికెళితే అక్కడ తయారవుతున్నావు! నా పిల్ల తిండి దగ్గర నీకేం పని?"

"గరిట..." అంటూ ఆయన వంటగది వైపు చెయ్యి చూపాడు.

"గరిటేమిటి, గాడిద గుడ్డేమిటి!"

తింటున్నవాళ్లు లేచారు. ఒకడు మెడ మీద చెయ్యి వేశాడు. ఇంకొకడు చొక్కా పట్టి లాగాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది.

"ఇంకోసారి నా పిల్ల ఉన్నచోట అడుగుపెట్టావంటే ఊరుకోను!" అంది తల్లి.

ఆయన బుద్ధిగా తలూపి వీధిలోకి దిగాడు.

"పాపం అమ్మా..."

"అయ్యో పాపం అంటే ఆర్నెల్ల పాపం చుట్టుకుంటుంది. తిను."

ఊళ్లో ఆఖరి మధ్యాహ్నం. పొగగొట్టం హోటల్ కిటకిటలాడుతోంది. తల్లి వంటగదిలోకి తొంగి చూసింది. ఆయన లేడు. హమ్మయ్య అనుకుని, వీధికి వీపు పెట్టి కూర్చుంది.

"వేరుశెనగ?"

"ఈ కూరలో వెయ్యమమ్మా" అన్నాడు అక్కడి యజమాని.

పిల్ల నాలుగు ముద్దలు తిన్నదో లేదో, పెదవులు ఉబ్బాయి. మెడ గీరుకుంది. "అమ్మా" అనబోయింది, గొంతు పెగల్లేదు.

సంచీలో ఇలాంటప్పుడు పొడవాల్సిన ఇంజెక్షన్ ఉంది. ఎలా తీసి పొడిచిందో తల్లికే తెలీదు. యజమాని పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు.

పొద్దు వాలేవేళకు పిల్ల ఊపిరి కుదుటపడింది. గండం గడిచిందని డాక్టరు చెప్పాక తల్లి బల్ల మీద కూలబడింది.

"లేదన్నావుగా బాబూ!"

యజమాని తలెత్తలేదు. "కూరలో లేదమ్మా. పక్క గిన్నెలో ఉంది. అందులో తిప్పిన గరిటే రద్దీలో ఇందులోనూ పెట్టాడు మా వంటవాడు. ఇలాంటప్పుడు ఆ ముసలాయన ఉండేవాడు..."

"ఏ ముసలాయన?"

"వేరుశెనగ పడనివాళ్లు వచ్చారని తెలిస్తే చాలు, ముందే వచ్చి గరిటలూ మూకుళ్లూ తనే తోమేవాడు. మా వీధి హోటళ్లన్నిటికీ అలవాటే. విసుక్కునేవాళ్లం గానీ, ఆపేవాళ్లం కాదు."

తల్లి బల్ల మీంచి లేచింది. "మరి ఇవాళ రాలేదేం?"

"గుమ్మం దాకా వచ్చాడమ్మా. మిమ్మల్ని చూసి ఆగిపోయాడు. 'నేను లోపలికొస్తే ఆ తల్లి భయపడుతుంది, నువ్వే గరిట మార్పించు' అన్నాడు. సరేనన్నాను. రద్దీలో మరిచిపోయాను."

"ఎక్కడుంటాడు? పద, కాళ్ల మీద పడతాను. పిల్ల బతికిందని చెబుతాను."

"అదే భయంగా ఉందమ్మా. నా భుజం మీద పిల్ల వాలిపోయి ఉండటం చూశాడు. అప్పట్నుంచీ కనబళ్లేదు. ఆయన గది తలుపు బార్లా తీసుంది. మావాళ్లు వెతకని చోటు లేదు."

"అసలెవరు బాబూ ఆయన?"

యజమాని వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"నాకు ముందు మా హోటల్ ఆయనదేనమ్మా, ఆయన కూతురికీ వేరుశెనగ పడేది కాదు, ఆ పిల్ల పోయిన నాటి రద్దీలో గరిట మార్చడం మరిచింది ఆయనే."